కుర్చీ పోయాక కుర్చీలు చేసినాయన

ఇవాళ మనం ఒక వడ్రంగి గురించి మాట్లాడుకుందాం. ఈయన ముందు నేవీలో ఆఫీసర్, ఆ తర్వాత వేరుశనగ రైతు. మధ్యలో ఒక నాలుగేళ్ళు అమెరికా ప్రెసిడెంట్‌గా కూడా చేశారు. పేరు మీకు తెలిసే ఉంటుంది, జిమ్మీ కార్టర్. 2024 డిసెంబర్ 29న, నూరేళ్ళు నిండాక, పుట్టిన ఊళ్ళోనే కన్ను మూశారు.

ఆయన పోయిన రోజు న్యూస్ మొత్తం ఆ నాలుగేళ్ళ గురించే. క్యాంప్ డేవిడ్ ఒప్పందం, ఇరాన్ బందీలు, పెట్రోల్ క్యూలు, రీగన్ చేతిలో ఓటమి. అవన్నీ చెప్పాల్సినవే, కాదనను. కానీ నూరేళ్ళలో నాలుగేళ్ళు పోతే మిగిలింది తొంభై ఆరు. నాకు ఇష్టమైన కార్టర్ ఆ తొంభై ఆరులో ఉన్నాడు. చేతికి ఉలి పట్టుకుని, పెన్సిల్ గీత చూసుకుంటూ నిలబడే మనిషి. ఈ ఎపిసోడ్ ఆయన గురించే.

1924 అక్టోబర్ 1న జార్జియా రాష్ట్రంలో ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. మన దగ్గర మండలానికి కూడా చాలని ఊరు. పెరిగింది ఆ పక్కనే పొలం మీద. చిన్నప్పుడు ఆ ఇంట్లో కరెంటు లేదు. పొలం పని ఆగకూడదంటే విరిగిన నాగలి, ఊడిన బండి చక్రం ఎవరిది వాళ్ళే బాగు చేసుకోవాలి. అందుకని పొలంలోనే కమ్మరం, వడ్రంగం చేసుకునే షెడ్డు ఉండేది. కార్టర్ చేతికి పనిముట్లు అలవాటైంది ఆ షెడ్డులో. ఎవరూ కోర్సు పెట్టలేదు, సర్టిఫికెట్ ఇవ్వలేదు.

మరి నేవీ ఎక్కడి నుంచి వచ్చింది? మేనమామ నుంచి. అమ్మ తమ్ముడు టామ్ గోర్డీ నేవీలో చిన్న ఉద్యోగి. పసిఫిక్ సముద్రంలో ఓడ ఎక్కడ ఆగితే అక్కడి నుంచి మేనల్లుడికి పోస్టుకార్డు రాసేవాడు. సముద్రమే లేని ఊళ్ళో పిల్లాడికి ఆ కార్డులు ఎలా కనిపించి ఉంటాయో మీరే ఊహించుకోండి. పెద్దయితే నేవీలోకే వెళ్తానని చిన్నప్పుడే పట్టుబట్టాడు. 1943లో అన్నాపోలిస్ నేవల్ అకాడమీలో చేరాడు, 1946లో బయటికొచ్చాడు. అదే ఏడాది జూలైలో రోజలిన్‌తో పెళ్ళి. ఆ పెళ్ళి 77 ఏళ్ళు నడిచింది.

తర్వాత సబ్‌మెరైన్. వైజాగ్ ఆర్కే బీచ్‌లో కుర్సురా చూశారు కదా, లోపలికి వెళ్ళి తల వంచుకుని నడిచారు కదా? పైన పైపులు, పక్కన బంకులు, ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదిగి నిలబడాలి. కార్టర్ మొదట పనిచేసిన పామ్‌ఫ్రెట్ కూడా ఇంచుమించు అంత పొడవే. మనం అందులో పావుగంట ఉండి ఐస్‌క్రీమ్ తినడానికి బయటికొచ్చేస్తాం. వాళ్ళు నెలల తరబడి ఉండేవాళ్ళు.

ఒక రాత్రి తుఫానులో సబ్‌మెరైన్ నీటి పైన వెళ్తోంది. కార్టర్ పైన డ్యూటీలో ఉన్నాడు. పెద్ద అల ఒకటి వచ్చి మనిషిని ఎత్తేసింది. చేతులు పట్టు తప్పాయి. అల దిగేసరికి కాస్త వెనక ఉన్న ఫిరంగి గొట్టం మీద పడి ఉన్నాడు, దాన్నే కావలించుకున్నాడు. ఆ అల కొంచెం పక్కకి వచ్చి ఉంటే చీకట్లో సముద్రంలో పడిపోయేవాడిని అని తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

హవాయిలో పోస్టింగ్ ఉన్నప్పుడు ఇంట్లోకి సామాను కావాలి, చేతిలో డబ్బు తక్కువ. నేవీ బేస్‌లో ఉద్యోగుల కోసం ఒక వర్క్‌షాప్ ఉండేది. ఖాళీ ఉన్నప్పుడల్లా అక్కడికి పోయి సొంతంగా ఫర్నిచర్ చేసుకునేవాడు. పొలం షెడ్డులో నాటు పని నేర్చుకున్న చేతికి ఇంటి సామాను నునుపు అక్కడ వచ్చింది.

ఇక 1952. అమెరికా నేవీలో అణు సబ్‌మెరైన్లు తయారు చేయడానికి అడ్మిరల్ రికోవర్ మనుషుల్ని ఏరుకుంటున్నాడు. మహా కఠినుడని పేరు. ఇంటర్వ్యూలో కార్టర్‌ని నీకు తెలిసిన సబ్జెక్టులే ఎంచుకో అన్నాడు. ఎంచుకున్న ప్రతిదాంట్లోనూ లోతుకి వెళ్ళి, నీకు తెలిసింది ఇంతే అని తేల్చేశాడు. చివర్లో అకాడమీలో ఎన్నో ర్యాంకు అని అడిగాడు. 820 మందిలో 59 అని కార్టర్ కాస్త గర్వంగానే చెప్పాడు. మెచ్చుకుంటాడనుకున్నాడు పాపం. రికోవర్ మాత్రం, చేయగలిగినంతా చేశావా అని అడిగాడు. కార్టర్ ఒక్క క్షణం ఆలోచించి, లేదు సార్, అన్నిసార్లూ చేయలేదు అన్నాడు. రికోవర్ కుర్చీ అటు తిప్పేసుకుని, ఎందుకు చేయలేదు అని అడిగాడు. ఇంటర్వ్యూ అయిపోయింది. అయినా సెలెక్ట్ అయ్యాడు. ఆ ప్రశ్న మాత్రం జీవితాంతం వదల్లేదు. 1975లో ప్రెసిడెంట్ ఎన్నికలకు ముందు రాసుకున్న పుస్తకానికి ఆ ప్రశ్ననే పేరుగా పెట్టుకున్నారు, వై నాట్ ద బెస్ట్ అని.

ఆ ఏడాది డిసెంబర్‌లోనే కెనడాలో చాక్ రివర్ అనే చోట అణు రియాక్టర్‌లో ప్రమాదం జరిగింది. లోపల కరిగిపోయిన భాగాల్ని విప్పాలి. రేడియేషన్ ఎంత ఉందంటే మనిషి లోపల ఒకటిన్నర నిమిషం కంటే ఎక్కువ ఉండటానికి లేదు. నాకు ఈ కథలో ఇదే అన్నిటికన్నా ఇష్టమైన భాగం, కాస్త ఆగి వినండి. దగ్గర్లో ఒక టెన్నిస్ కోర్టు ఉంది. దాని మీద రియాక్టర్‌కి అచ్చం నకలు ఒకటి కట్టారు. ఒక్కో జట్టు ముందు ఆ నకలు మీద ప్రాక్టీస్ చేస్తుంది. ఏ బోల్టు ఎటు తిప్పాలి, ఏ రెంచి ఎవరి చేతిలో ఉండాలి, ఎవరు ముందు దిగాలి, అన్నీ. తర్వాత అసలు దాంట్లోకి పరిగెత్తి, తొంభై సెకన్లలో ఎన్ని బోల్టులు వస్తే అన్ని విప్పి, పరిగెత్తుకుంటూ పైకి. లోపల ఒక బోల్టు ఊడితే బయట నకలులోనూ అదే బోల్టు తీసేస్తారు, తర్వాత జట్టుకి లెక్క తప్పకుండా. కార్టర్ వయసు అప్పుడు 28. ఆ తర్వాత కొన్ని నెలలపాటు మూత్రంలో రేడియేషన్ కనిపించిందని ఆయన చెప్పారు.

మంచి వడ్రంగి పని దగ్గర నిలబడి చూడండి, తలుపు ద్వారబంధానికి తగిలించే ముందు ఎన్నిసార్లు కొలుస్తాడో, ఎన్నిసార్లు ఊరికే పెట్టి తీస్తాడో. ఆ టెన్నిస్ కోర్టులో జరిగిందీ అదే. చెక్క దగ్గర తప్పితే చెక్క పోతుంది, అక్కడ తప్పితే మనిషి పోతాడు.

1953లో నాన్న క్యాన్సర్‌తో చనిపోయారు. కార్టర్ నేవీ వదిలేసి ఊరికి వచ్చేశాడు. భార్యని అడిగాడా? అడగలేదు. రోజలిన్‌కి ఎంత కోపం వచ్చిందంటే ఊరొచ్చే దారంతా మొగుడితో సరిగ్గా మాట్లాడలేదట. రావడం రావడం ఉన్నది ప్రభుత్వం కట్టించిన చవక అద్దె ఇంట్లో. మరుసటి ఏడు కరువు, వేరుశనగ మీద మిగిలింది రెండొందల డాలర్లు కూడా లేదు. పేదల కోసం కట్టిన సర్కారు ఇంట్లో ఉండి వచ్చిన అమెరికా ప్రెసిడెంట్ ఈయనొక్కడే. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ప్రెసిడెంట్ రోజులు నేను తొందరగా దాటేస్తాను. ఒక్క మాట మాత్రం. మంచి మనిషే కానీ చేతకాని ప్రెసిడెంట్ అని ఒక ముద్ర ఉంది ఆయన మీద. నేనైతే ఇంకోలా చూస్తాను. ప్రతి బోల్టూ స్వయంగా చూసుకునే అలవాటు రియాక్టర్లో ప్రాణం కాపాడుతుంది. అదే అలవాటు దేశాన్ని నడిపే కుర్చీలో మెడకి చుట్టుకుంటుంది. వైట్‌హౌస్ టెన్నిస్ కోర్టు ఎవరు ఎప్పుడు వాడుకోవాలో కూడా ఈయనే చూస్తారని ఆయన దగ్గర స్పీచ్‌లు రాసిన జేమ్స్ ఫాలోస్ 1979లో రాశారు. అదేం లేదని కార్టర్ కొట్టిపారేశారు. నిజం ఏదైనా, జనం నమ్మారు, ఎందుకంటే ఆ మనిషి తీరు అలాంటిది. అన్నట్టు, ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు కూడా క్యాంప్ డేవిడ్‌లో ఉన్న వడ్రంగి షాపులో దూరి ఇంట్లోవాళ్ళకి చిన్న చిన్న వస్తువులు చేసేవారు.

1980 నవంబర్‌లో ఓడిపోయారు. మామూలు ఓటమి కాదు, చిత్తుగా. టెహరాన్‌లో 444 రోజులు బందీలుగా ఉన్న వాళ్ళని విడిపించడానికి ఆఖరి రాత్రి దాకా నిద్రపోకుండా పనిచేశారు. వాళ్ళని వదిలింది ఎప్పుడు? 1981 జనవరి 20న, రీగన్ ప్రమాణం చేసిన కొద్ది నిమిషాలకి. వయసు 56. ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చి చూసుకుంటే ఇతరుల చేతిలో పెట్టి వెళ్ళిన వేరుశనగ వ్యాపారం పది లక్షల డాలర్ల అప్పులో ఉంది. ప్రపంచం మొత్తం చూస్తుండగా ఓడిపోవడం అంటే ఇదీ. మనకి ఒక పరీక్ష పోతే, ఒక ఆఫర్ లెటర్ వెనక్కి తీసుకుంటే వారం రోజులు ఎవరి ఫోనూ ఎత్తం.

మరి ఆయన ఏం చేశారు? అటక మీద నేల వేశారు. నిజంగానే. వాషింగ్టన్ నుంచి వచ్చిన సామాను పెట్టెలు పెట్టుకోవడానికి చోటు లేదు. భార్యాభర్తలిద్దరూ కలిసి ఇంటి పైకప్పు కింద ఖాళీలో చెక్కలు పరిచి, ఒకదాన్ని ఒకదాంట్లో బిగించి, నేల వేసుకున్నారు.

ఇంకొకటి. వైట్‌హౌస్ వదిలేటప్పుడు మంత్రులు, స్టాఫ్ అందరూ చందాలేసుకుని ఆయనకి జీపు కొనిద్దామనుకున్నారు. ఆ సంగతి ఈయన చెవిన పడింది. జీపొద్దు, పనిముట్లు ఇప్పించండి అని కబురు పంపారు. దాంతో ఒక వడ్రంగి షాపుకి కావాల్సిన మిషన్లు, సామాను మొత్తం వచ్చింది. ఇంటి గ్యారేజీ వర్క్‌షాప్ అయింది. కారు బయట ఎండలో.

మన భాషలో కుర్చీ అంటే పదవి కదా. కుర్చీ పోయింది అంటే పదవి పోయిందని. ఈయనకి కుర్చీ పోయింది, కూర్చుని కుర్చీలు చేయడం మొదలెట్టారు. నేను జోకుకి అనట్లేదు, ఆ కుర్చీలు చూడాల్సినవే. హికరీ అనే గట్టి చెక్కతో, వీపు ఆన్చే చోట నిచ్చెన మెట్లలా అడ్డపట్టీలు, కూర్చునే చోట ఆ చెట్టు బెరడునే చీల్చి అల్లిన అల్లిక. మన నులక మంచం అల్లికకి దూరపు చుట్టం అనుకోండి.

ఈ రకం కుర్చీల్లో ఒక కిటుకు ఉంది. కాళ్ళకి కాస్త పచ్చిగా ఉన్న కర్ర వాడతారు. కాళ్ళ మధ్య అడ్డకర్రలు మాత్రం బాగా ఎండినవి. ఎండిన కర్రని పచ్చి కర్రకి తొలిచిన బెజ్జంలో దింపి కొడతారు. రోజులు గడిచేకొద్దీ కాలు ఎండుతుంది, ఎండుతూ బిగుసుకుంటుంది, లోపలున్న అడ్డకర్రని పట్టేస్తుంది. మేకు అక్కర్లేదు. మనింట్లో వానాకాలం తలుపు ఉబ్బి పట్టేసినప్పుడు మనం చెక్కని తిట్టుకుంటాం. తెలిసినవాడు చెక్క ఆ గుణాన్నే వాడుకుని సామాను నిలబెడతాడు.

అలా మంచాలు, బల్లలు, పెట్టెలు, మనవలకి ఉయ్యాలతొట్లు, వందకి పైగా చేశారు. కొన్ని కార్టర్ సెంటర్ కోసం వేలం వేస్తే పెద్ద మొత్తాలే వచ్చాయి. వడ్రంగి పని మీద వచ్చే ఫైన్ వుడ్‌వర్కింగ్ అనే పత్రిక ఆయన్ని ఇంటర్వ్యూ చేసింది, మాజీ ప్రెసిడెంట్‌గా కాదు, తోటి పనివాడిగా.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే బాగోదు. పెన్షన్ వచ్చే మాజీ ప్రెసిడెంట్ సరదాగా కుర్చీ చేయడం వేరు, రోజు కూలి కోసం చేయడం వేరు. మన ఊళ్ళల్లో చిత్రిక పట్టే చేతులు ఎన్నో తరాల నుంచి ఉన్నాయి, వాటి మీద ఎవరూ ఇంటర్వ్యూ వేయలేదు. ఆ ఇళ్ళల్లో పిల్లలు ఇవాళ బైక్ మీద ఫుడ్ డెలివరీకి వెళ్తున్నారు, రెడీమేడ్ తలుపులు లారీలో దిగుతున్నాయి. కార్టర్‌ని పొగుడుతూ పక్కవీధి మేస్త్రీతో బేరమాడేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. ఆయన గ్యారేజీలోనే ఉండిపోయి ఉంటే నేను కూడా, బాగుంది, మంచి హాబీ అని ఊరుకునేవాణ్ణి.

ఉండిపోలేదు. వాళ్ళ ఊరికి దగ్గర్లోనే అమెరికస్ అనే టౌన్‌లో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ ఉంది, 1976లో మొదలైంది. ఇల్లు లేనివాళ్ళకి ఇల్లు కట్టే సంస్థ. ఊరికే ఇవ్వరు. ఆ ఇంటివాళ్ళు కూడా వచ్చి గంటల లెక్కన పనిచేయాలి, తర్వాత లాభం వేసుకోని వాయిదాలు కట్టుకోవాలి. 1984లో కార్టర్ వాళ్ళ దగ్గర పనికి వెళ్ళారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో బస్సులో మనుషుల్ని ఎక్కించుకుని న్యూయార్క్ వెళ్ళారు. ఆరంతస్తుల పాడుబడిన బిల్డింగు, దాన్ని 19 కుటుంబాలకి ఇళ్ళుగా మార్చాలి. పడుకున్నది ఒక చర్చిలో, బంకు మంచాల మీద. నాలుగేళ్ళ కిందట వైట్‌హౌస్‌లో ఉన్న మనిషి. సర్కారు చవక ఇల్లు సంగతి గుర్తుంది కదా? ఇల్లు అంటే ఏంటో ఆయనకి పేపర్లో చదివి తెలిసింది కాదు.

అక్కడి నుంచి ఏటా ఒక వారం. 14 దేశాలు, 4,300లకి పైగా ఇళ్ళు, లక్ష మంది దాటిన వాలంటీర్లు. సెలబ్రిటీ వస్తే మనకి తెలిసిందే కదా, ఒక ఇటుక పెడతారు, ఫొటో, కారెక్కుతారు. ఈయన పొద్దున్నే వచ్చేవారు, సాయంత్రం దాకా సుత్తి దించేవారు కాదు. పని టైంలో ఎవరైనా ఫొటో, ఆటోగ్రాఫ్ అని వస్తే మొహం మీదే విసుక్కునేవారు. సెల్ఫీ పార్టీకి అక్కడ చోటు లేదు.

మన దేశానికీ వచ్చారు. 2006లో మహారాష్ట్రలో లోనావ్లా దగ్గర వంద ఇళ్ళు. అప్పటికి ఆయనకి 82. నిజానికి ఆ ఇంటికి మనతో చుట్టరికం అంతకు ముందే ఉంది. వాళ్ళ అమ్మ లిలియన్ 1966లో, 68 ఏళ్ళ వయసులో, పీస్ కోర్ వాలంటీర్‌గా ముంబై పక్కన విక్రోలీ వచ్చి నర్సుగా పనిచేసింది. 68 ఏళ్ళకి మన దగ్గర అయితే, మోకాళ్ళు జాగ్రత్త అమ్మమ్మా, కూర్చో అంటాం. 1978లో కార్టర్ వచ్చి వెళ్ళాక హర్యానాలో ఒక ఊరు పేరే కార్టర్‌పురి అయింది.

2015లో క్యాన్సర్ మెదడు దాకా వచ్చిందని ఆయనే చెప్పారు. అదే ఏడాది నవంబర్‌లో మెంఫిస్‌లో ఇల్లు కడుతూ కనిపించారు. 2017లో కెనడాలో విన్నిపెగ్‌లో ఎండకి సొమ్మసిల్లి పడిపోతే హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. తెల్లారి మళ్ళీ పనిలో ఉన్నారు. 2019 అక్టోబర్‌లో, 95 నిండిన వారానికే, ఇంట్లో పడి నుదుటికి 14 కుట్లు పడ్డాయి. కన్ను నల్లగా కమిలి ఉబ్బిపోయింది. ఆ మొహంతోనే అదే రోజు నాష్‌విల్ వెళ్ళారు. మర్నాడు చేతిలో డ్రిల్లు పట్టుకుని పోర్చ్‌లకి కావాల్సిన చెక్కపని చేస్తున్నారు. ఆ ఫొటో వెతికి చూడండి. హీరో ఎంట్రీలా ఉండదు. పక్కింటి తాతయ్య మొండికేసినట్టు ఉంటుంది. ఆయన చివరి హాబిటాట్ వారం అదే.

2023 నవంబర్‌లో రోజలిన్ పోయారు. ఏడాది తర్వాత ఆయన. వాషింగ్టన్‌లో శవపేటికని గుర్రపు బండి మీదికి మార్చింది నేవీ మెమోరియల్ దగ్గర. చివర్లో ప్లెయిన్స్‌లో ఇంటి ఆవరణలోనే, భార్య పక్కన పెట్టారు. నేవీ విమానాలు పైనుంచి ఎగిరి వెళ్ళాయి. ఆయన పేరుతో ఒక సబ్‌మెరైన్ 2005 నుంచి సముద్రంలో తిరుగుతూనే ఉంది.

ప్లెయిన్స్‌లో ఆయన వెళ్ళే చర్చిలో చందాలు పట్టే చెక్క పళ్ళేలు ఉన్నాయి. ఆయనే లేత్ మీద తిప్పి చేశారు. పళ్ళెం తిరగేస్తే అడుగున జె, సి అని రెండు అక్షరాలు. చర్చి కాబట్టి ఆ రెండక్షరాలు చూసి వచ్చినవాళ్ళు జీసస్ క్రైస్ట్ అనుకుని నవ్వుకుంటారు. పళ్ళెం తన దాకా వచ్చినప్పుడు డబ్బులేసి, ఒకసారి అడుగు తడిమి చూసి, పక్కవాళ్ళకి అందిస్తారు.